పుల్ల నడుము కొలత

(దర్జీ ఇంటి ముందుగది. మిట్టమధ్యాహ్నం. మిషను ముందు తల్లి, కిటికీ పక్కన చొక్కాలకు బొత్తాలు కుడుతూ కూతురు, గుమ్మంలో ఆరోగ్య కేంద్రం నర్సు.)

“…ఇంకా వినండి. మేడమీదావిడ అంతటితో ఆగితేనా? ‘పదకొండింటప్పుడు నర్సమ్మొచ్చి దర్జీ వాళ్ళ తలుపు దబదబా బాదింది, కిటికీలోంచి తొంగి చూసింది, ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయింది, చంకలో సంచి కూడా ఉంది’ అందట ఎదురింటావిడతో. ఎదురింటావిడ నాతో. ‘ఆ ఇంట్లో పదహారేళ్ళ పిల్ల, ఆ పిల్లేమో బడి ఎగ్గొట్టి ఇంట్లో, నర్సమ్మేమో సంచితో. మనకెందుకులే గానీ’ అందట. మనకెందుకులే అంటూనే నాలుగిళ్ళు తిరిగిందట! దారం రీళ్ళు కొనుక్కొచ్చేలోపు నా కూతురికి కడుపు చేసి కూచోబెట్టారమ్మా ఈ వీధివాళ్ళు!”

“వదినా, నేను చెప్పేది కాస్త—”

“వదినా లేదు గిదినా లేదు. అమ్మాయున్న ఇంటికి ఆ తెల్లకోటు తగిలించుకుని ఎందుకొచ్చారు? వచ్చిందే గాక మళ్ళీ వచ్చారు! కావాలంటే కబురు పెడితే నేనే వచ్చేదాన్నిగా?”

“కబురు పెట్టే టైము లేదు. ఇప్పుడూ లేదు. అరగంటలో అంబులెన్సు వస్తుంది. లోపలికి రానా, వీధంతా వినేట్టు గుమ్మంలోంచే అడగనా?”

“రండి రండి. ఇంక కొత్తగా పోయే పరువేముంది? ఒసే, ఆ చొక్కాలు జరుపు. అత్తకి కుర్చీ వెయ్యి. అవునే, నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా పదకొండింటికి? తలుపెందుకు తియ్యలేదు?”

“మిషను చప్పుడులో వినపళ్ళేదమ్మా.”

“మిషనా? బొత్తాలు కుట్టడానికి మిషనెందుకే?”

“కాజాలు కుట్టా.”

“ఏం కాజాలు? కాజాలన్నీ రాత్రే నేను… సరేలే. తలనొప్పని బడి నుంచి వచ్చి కూచుందండీ పొద్దున్నే. మెల్లగా లాగవే! ఆ పుర్రచేత్తో విసురుగా లాగితే దారం మెలిపడదూ?”

“వదినా, ఇది చూడు. ఈ స్కర్టు నీ దగ్గర కుట్టిందేనా?”

“ఏంటిది, తడిసిపోయుంది? మట్టి, ఈ వాసనా… ఎవరిది?”

“నువ్వే చెప్పు. చూసి చెప్పగలవా?”

“ఎందుకు చెప్పలేను? బడి మొత్తానికి యూనిఫాం కుట్టేది నేనేగా. ముందు రెండు కుచ్చిళ్ళు, పొడుగెక్కువ, కింద మడత వెడల్పు. ఇది పుల్లది. వాచ్‌మన్ కూతురు లేదూ, సన్నగా, పొడుగ్గా? దాని నడుముకి టేపు చుడితే జారి కిందపడేది. పుల్ల అని పేరు పెట్టిందే నేను. బడి బడంతా అలాగే పిలుస్తుంది ఇప్పుడు. అయినా దీని స్కర్టు మీ దగ్గరికెలా వచ్చింది?”

“పొద్దున ప్రార్థన లైన్లో పడిపోయింది. ఫిట్సు. నాలుక కొరుక్కుంది. టీచర్లు మా దగ్గరికి మోసుకొచ్చారు. బట్టలు మార్చేటప్పుడు చూశాం.”

“ఏం చూశారు?”

“కడుపు.”

“…ఎవరికి? పుల్లకా? ఛ! దానికి వయసెంతని! ఒసే, అది నీతో పాటుదే కదే?”

“నా కంటే మూడు నెలలు చిన్న. అత్తా, ఇప్పుడెలా ఉంది? మాట్లాడుతోందా?”

“మాట్లాడట్లేదమ్మా. ఇంజెక్షనిచ్చాం. మత్తులో ఉంది. బీపీ మాత్రం దిగట్లేదు.”

“నువ్వు బొత్తాలు చూసుకో. పెద్దవాళ్ళ మాటల్లో నీకేం పని? ఏంటమ్మా ఇది, అంత కడుపుంటే ఎవరికీ కనపళ్ళేదా? దాని అమ్మ—”

“అమ్మేది? పోయి ఆరేళ్ళయింది. నాన్న రాత్రంతా గేటు దగ్గర, పగలంతా నిద్ర. కబురు పెడితే వచ్చాడు, గుమ్మంలోనే నిలబడి ‘నాకు కూతుర్లేదు’ అని వెళ్ళిపోయాడు. అందుకే నీ దగ్గరికొచ్చా. వదినా, నాకు నెలలు కావాలి.”

“నెలలేంటి?”

“ఎన్నో నెలో తెలియాలి. పెద్దాసుపత్రి డాక్టరు ఫోన్లో అదే అడుగుతున్నాడు. ఇంత ఆలస్యంగా స్కాన్ తీస్తే మూడు వారాలు అటూ ఇటూ చెబుతుందట. తొమ్మిది నిండి ఉంటే గంట దూరంలో ఉన్న ఆసుపత్రికి పంపించెయ్యొచ్చు, కాన్పు చేసేస్తారు. ఎనిమిదే అయితే అక్కడికి పంపకూడదు. నెల తక్కువ బిడ్డల్ని చూసే గది అక్కడ లేదు. మూడు గంటలు పోవాలి, దార్లోనే బిడ్డ ఊపిరికి సూది మొదలుపెట్టాలి. ఎటు పంపాలి? పిల్ల మత్తులో, తండ్రి తలుపేసుకుని. ఒక్క తేదీ చెప్పేవాళ్ళు లేరు.”

“దానికి నేనేం చెయ్యను? నేనేమన్నా మంత్రసానినా?”

“నీ కొలతల పుస్తకం తియ్యి.”

“అందులో నెలలు రాస్తానా? నడుములు రాస్తాను.”

“నడుమూ రాస్తావు, తేదీ రాస్తావు. ఆ రెండూ చాలు నాకు. తియ్యి వదినా!”

“అరవకండి, తీస్తున్నా. మేడమీదావిడ కిటికీ దగ్గరే ఉండుంటుంది… ఇదిగో. పుల్ల. బడి తెరిచిన వారం. నడుము ఇరవై మూడు. చెప్పానా, టేపు జారేదని?”

“తర్వాత?”

“తర్వాత… ఆగండి. ఇక్కడుంది. సగం ఏడాది పరీక్షలయ్యాక ఒకసారొచ్చింది. ‘బిగుతైందమ్మా, కొంచెం వదులు చేస్తారా’ అని. కొలిచాను. ఇరవై ఆరు.”

“ఇరవై ఆరు! నీకేం అనిపించలేదా?”

“అనిపించింది. పుల్లకి కండ పట్టిందనిపించింది. ‘ఏమే, మీ నాన్న జీతం పెరిగిందా’ అని నవ్వాను కూడా. తిండి తగ్గించవే అన్నాను.”

“తిండి తగ్గించమన్నావా.”

“నాకేం తెలుసు! గుమ్మం నిండా పిల్లలున్నారు ఆ రోజు. బడి వార్షికోత్సవానికి అరవై జతలు నా నెత్తి మీదున్నాయి. వారమాగి రమ్మన్నాను. అది అక్కడే నిలబడి టేపు చివర వేలికి చుట్టుకుంటూ ఉంటే, ‘టేపు వదులు తల్లీ, పనుంది’ అన్నాను. పోయింది. మళ్ళీ రాలేదు.”

“అయితే నువ్వు వదులు చెయ్యలేదు?”

“లేదంటున్నాగా.”

“మరి ఇప్పుడు టేపు పెట్టు దీని నడుముకి. పెట్టు.”

“…ముప్పై ఒకటి?”

“ఇటు తిప్పు. సూది కన్నాలు చూడు. ఒక వరస, రెండో వరస, మూడో వరస. మూడుసార్లు విప్పి కుట్టారు. మూడోసారికి లోపలి మడతలో గుడ్డ అయిపోయినట్టుంది, పక్కన పట్టీ వేసి అతికారు. ఈ పట్టీ గుడ్డ ఎక్కడిది?”

“ఇది… ఇది ఈ ఏడాది తానులోదే. ఈ నీలం బజార్లో దొరకదు. తాను మొత్తం నా దగ్గరే ఉంది.”

“అందుకేగా నేను నీ గుమ్మమెక్కింది! మూడుసార్లు విప్పారు. అది విప్పిన చేతికి ఏ నెలలో ఎంత పెరిగిందో తెలిసుండాలి.”

“నేను కాదని చెప్పానా? ఇది నా పని కానే కాదు. నేనైతే మిషను మీద వేస్తాను, ఇది మొత్తం చేతికుట్టు. పైగా ఈ వాలు చూడండి. నేను కుడితే కుట్టు ఇటు వాలుతుంది, ఎవరు కుట్టినా ఇటే వాలుతుంది. ఇదేమో అటు… అటు వాలింది.”

“అటు వాలితే?”

“ఉండండి. సరిగ్గా చూడనివ్వండి.”

“వదినా? ఏమైంది, ఆగిపోయావు?”

“ఏం లేదు. వెలుతురు చాలట్లేదు.”

“మిట్టమధ్యాహ్నం వెలుతురు చాలట్లేదా?”

“ఒసే, ఆ సూది కింద పెట్టు!”

“ఇంకా రెండు చొక్కాలున్నాయమ్మా.”

“పెట్టమన్నానా! ఎన్నిసార్లు చెప్పాలి ఆ ఎడమచేత్తో కుట్టొద్దని?”

“పుట్టినప్పట్నుంచీ నాది ఈ చెయ్యేగా. ఇవాళేంటి కొత్తగా?”

“నోరు లేస్తోంది నీకు. లోపలికి పో. పోయి పడుకో, తలనొప్పన్నావుగా.”

“తగ్గింది.”

“తగ్గినా పో!”

“నేనిక్కడే ఉంటా.”

“వదినా, దాని మీద అరవడం తర్వాత. అటు వాలితే ఎవరి చెయ్యి?”

“నాదే.”

“ఏంటి?”

“నాదే అంటున్నా. నేనే విప్పాను. నేనే కుట్టాను. చాలా?”

“ఇప్పుడే కాదన్నావు! ఒట్టేసినంత పని చేశావు!”

“మర్చిపోయా. రోజుకెన్ని విప్పుతాను, ఎన్ని కుడతాను! అన్నీ గుర్తుంటాయా?”

“మూడొందల మందిలో కుచ్చిళ్ళు చూసి పుల్లదని చెప్పినదానివి, నీ చేత్తో మూడుసార్లు విప్పిన నడుము మర్చిపోయావా?”

“మర్చిపోయా! ఏం చేస్తారు, పోలీసులకి చెబుతారా?”

“చెప్పాలి నిజానికి! పదిహేనేళ్ళ పిల్ల వదినా! నీ కళ్ళ ముందు నడుము ఇరవై మూడు నుంచి ముప్పై ఒకటికి వచ్చింది, నువ్వు గుట్టు చప్పుడు కాకుండా పట్టీ వేసి పంపించావు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట నా చెవిన వేసుంటే బీపీ చూసేదాన్ని, మాత్రలిచ్చేదాన్ని. ఆ పిల్ల ఇవాళ లైన్లో పడి నాలుక కొరుక్కునేది కాదు!”

“మీ చెవినా? ఏ చెవిన? మీ కేంద్రంలో బుధవారాలు పిల్లల కోసం తెరిచే ఆ గదిలో ఉండే చెవినా?”

“ఆ గది సంగతెందుకిప్పుడు?”

“ఎందుకేంటి? గోడ మీద ఎంత బొమ్మేయించారు! ‘అమ్మాయిలూ, అబ్బాయిలూ, ఏదైనా అడగండి, ఎవరికీ చెప్పం.’ కాగితాలు ఊరంతా అంటించారు. ఏదీ, పుల్ల వచ్చి అడగలేదా? అంత గొప్ప గది పెట్టుకుని, మీరేం చేశారు? నాకు చెబుతున్నారు!”

“వచ్చింది.”

“…వచ్చిందా?”

“వచ్చింది. బడి తెరిచిన కొత్తలో. ఇంకో పిల్ల కూడా ఉంది పక్కన, ముక్కు దాకా స్కార్ఫు చుట్టుకుని. అది నా ముఖం కూడా చూడలేదు. పుల్లే మాట్లాడింది. ‘ఒకటడగాలి మేడం’ అంది.”

“ఏమడిగింది?”

“అడగనిచ్చామా? కిటికీలో చీటీలు రాసే అమ్మాయి ‘అమ్మ సంతకం ఏది’ అంది. ‘అమ్మ లేదు’ అంది ఇది. లోపల్నుంచి నేనే అన్నాను, ‘అయితే పిన్నినో అత్తనో ఎవరో ఒక పెద్దదాన్ని తీసుకురామ్మా, రూలు’ అని. తర్వాతి బుధవారం మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే అన్నాను.”

“బాగుంది. చాలా బాగుంది. అమ్మ లేని పిల్లని అమ్మ సంతకం తెమ్మన్నారు. ఎవరమ్మా ఆ రూలు పెట్టిన మహాతల్లి?”

“నువ్వు.”

“నేనా!”

“అప్పుడే మర్చిపోయావా ఇది కూడా? తల్లుల సంఘం కాగితం ఎవరిచ్చారు నాకు? ‘మాకు తెలియకుండా మా పిల్లలకి ఏవేవో చెబుతున్నారు, ఏవేవో ఇస్తున్నారు, ఇకమీదట తల్లి సంతకం లేకుండా ఏ పిల్లనీ గదిలోకి రానివ్వకూడదు.’ నలభై రెండు సంతకాలు. మొట్టమొదటి సంతకం నీది వదినా! ఇదే గదిలో, ఈ బల్ల మీదే పెట్టించారట అందరిచేతా. టీ కూడా ఇచ్చావట!”

“అవును, పెట్టా! నాకూ ఆడపిల్ల ఉంది. దానికి పదహారొస్తున్నాయి. ఆ గదిలోకి పోతే ఏం నేర్చుకొస్తుందోనని పెట్టా. తల్లినై ఉండి ఆ మాత్రం భయం ఉండదా? నేను పెడితే మాత్రం, మీరు ఒప్పుకోవాలా? చదువుకున్నారు, కోటేసుకున్నారు. ‘పొండి, ఇది మా పని’ అనలేకపోయారా?”

“అనలేకపోయా. పైవాళ్ళు గొడవలొద్దన్నారు. గది మొత్తం మూసెయ్యమంటారేమోనని భయపడి ఒప్పుకున్నా. అంతకు ముందు బుధవారానికి పది పన్నెండు మంది వచ్చేవాళ్ళు. ఆ రూలు పెట్టాక ఇద్దరు. ఆ ఇద్దరూ పక్కన తల్లుల్ని కూచోబెట్టుకుని, మొటిమలకి మందు అడిగి పోయేవాళ్ళు!”

“మరింకేం, మొటిమలు తగ్గించి గది నిలబెట్టుకున్నారు!”

“నువ్వు నవ్వకు. నాకు ఒళ్ళు మండుతోంది.”

“నాకు మండట్లేదా? అది సరే, ఆ కుర్రాడెవడు? వాడి సంగతి ఎవరూ అడగరేం?”

“పుల్ల పలవరింతలో ఒక పేరంది. కంప్యూటర్ క్లాసులో పక్క సీటువాడట. వాళ్ళ అమ్మ పదింటికే చుట్టాలింటికి బస్సెక్కించిందని టీచరు చెప్పింది.”

“పదింటికే! పిల్ల తొమ్మిదింటికి పడిపోతే వాడు పదింటికి బస్సులో. వాడి సంతకం ఎవరూ అడగలేదు కదా? వాళ్ళమ్మ కూడా టీ తాగే పెట్టింది ఈ బల్ల మీద సంతకం. వాడెవడో నాకు తెలుసు, వాడి ప్యాంట్లూ నేనే కుడతాను. ఏడాదంతా ఒకే నడుము వాడిది! ఎక్కడా ఒక్క కుట్టు విప్పాల్సిన పన్లేదు!”

“వదినా, టైమైపోతోంది. తిట్టుకోవడం రేపు తిట్టుకుందాం. నువ్వే విప్పానన్నావు కాబట్టి చెప్పు. మొదటిసారి ఎప్పుడు విప్పావు?”

“మొదటిసారి… బడి తెరిచాక.”

“బడి తెరిచాక అంటే? ఎన్ని రోజులకి?”

“ఓ నెలకి. నెలన్నరకి అనుకోండి.”

“అనుకోవడం కాదు! అప్పటికే నడుము పెరిగిందంటే ఇప్పటికి తొమ్మిది ఎప్పుడో నిండిపోయుండాలి.”

“నిండే ఉంటాయి.”

“కానీ నీ పుస్తకంలో సగం ఏడాది పరీక్షలయ్యాక ఇరవై ఆరే ఉంది కదా? మొదటి కొలతకీ దానికీ మూడంగుళాలే తేడా. ఎలా కుదురుతుంది?”

“నా టేపు పాతది. సాగిపోయింది.”

“వదినా, నా కళ్ళలోకి చూసి చెప్పు. తొమ్మిది నిండాయా?”

“నిండాయి! నిండాయనే చెప్పండి. ఏదో ఒకటి చెప్పి పంపించండి ఆ పిల్లని. పంపించి మా గుమ్మం దిగండి. మిమ్మల్ని ఇక్కడ చూసిన ప్రతివాడూ నా కూతురి వంకే చూస్తాడు. దిగండి!”

“అమ్మా.”

“నువ్వు లోపలికి పో!”

“సరే. నీ మాట మీదే చెబుతున్నా. తేడా వస్తే ఆ పిల్ల ఉసురు నీకే… హలో? డాక్టరుగారూ, ఆరోగ్య కేంద్రం నుంచి నర్సునండీ. ఆ, తెలిసిందండీ. తొమ్మిది నిండాయంటున్నారు. కుట్టినావిడ చెప్పింది… అవునండీ, దగ్గర్లో ఉన్నదానికే—”

“తప్పు! అత్తా, తప్పు! ఫోన్ పెట్టెయ్యకండి, తప్పని చెప్పండి!”

“నోర్ముయ్యవే!”

“నువ్వు ముయ్యి అమ్మా! అది చచ్చిపోతుంది! అత్తా, తొమ్మిది కాదు. మూడు నెలల పరీక్షలు మొదలైన సోమవారం. లెక్కల పరీక్ష. ఆ రోజు దానికి అయింది. సగంలో లేచి బయటికొచ్చింది, నా దగ్గరే గుడ్డ తీసుకుంది. అదే చివరిసారి. ఆ తర్వాత రాలేదు.”

“ఒక్క నిమిషం డాక్టరుగారూ, లైన్లోనే ఉండండి… ఏమ్మా, ఖాయంగా తెలుసా? రెండ్రోజులు అటూ ఇటూ?”

“ఒక్కరోజు కూడా అటూ ఇటూ కాదు. నా లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో గీతలున్నాయి. వారానికొక గీత. ఇద్దరం కలిసి గీశాం. మొన్న సోమవారానికి ముప్పై మూడు.”

“తీసుకురా. పరిగెత్తు… ఇటివ్వు. ఇది పదా? ఆ. ఇరవై. ముప్పై, ముప్పై ఒకటి, రెండు, మూడు. డాక్టరుగారూ, కాదండీ, నాదే పొరపాటు. ముప్పై మూడు వారాలు దాటి మూడ్రోజులు. తేదీ చేతిలో ఉంది, రాసుకోండి… ఆ. సరేనండీ. దూరందే. సూది నేనే వేసి ఎక్కిస్తా. తోడు నేనే వస్తా. ఇప్పుడే బయల్దేరుతున్నా.”

“దూరందానికా?”

“దూరందానికే. నీ తొమ్మిది నెలలు నమ్మి పంపించి ఉంటే ఏమయ్యేదో తెలుసా వదినా? ఊపిరందని బిడ్డని చేతిలో పెట్టుకుని, బిడ్డని వెచ్చగా ఉంచే పెట్టె కూడా లేని ఆసుపత్రిలో నిలబడేవాళ్ళం. అబద్ధమెందుకు చెప్పావు? ఎవరి కోసం?”

“ఎవరి కోసం చెబుతాను? మీకు పిల్లల్లేరు కాబట్టి అడిగారు.”

“ఉన్నారో లేరో ఇప్పుడెందుకు? ఏమ్మా, ఇలా రా. స్కార్ఫు చుట్టుకున్నది నువ్వేనా?”

“దాన్నేం అడక్కండి! విప్పింది నేనని చెప్పానా లేదా? నేనే! నా చెయ్యే!”

“నీ చెయ్యి కాదమ్మా. నాది. రెండుసార్లు బడిలో, ఖాళీ క్లాసులో కూచుని కుట్టా. మూడోసారికి గుడ్డ చాల్లేదు. నీ మంచం కింద అట్టపెట్టెలో మిగులు ముక్కలుంటే తీశా. నువ్వు ముక్క తగ్గిందని ఎలకల్ని తిట్టావు.”

“నీ చేతులు విరగ్గొట్టాలే! ఇది బయటికి పొక్కితే ఏమంటారు నిన్ను? పుల్ల వెంట తిరిగిందంటారు. ఇదీ అలాంటిదేనంటారు!”

“అననీ. పొద్దున్నుంచీ అంటూనే ఉన్నారుగా.”

“ఉండు వదినా. దీన్ని నేనడుగుతా. ముప్పై మూడు గీతలు గీశావు. ఒక్కొక్క గీతకీ నీకు తెలుసు. పొద్దున కళ్ళారా చూశావు అది పడిపోవడం. చూసి, ఇంటికొచ్చి, బొత్తాలు కుడుతూ కూచున్నావు! నేను తలుపు బాదితే తియ్యవా? గంట పోయింది నీ వల్ల, తెలుసా? గంట!”

“భయమేసింది. నన్ను పట్టుకోవడానికి వచ్చారనుకున్నా. స్కర్టు చూసుంటారనుకున్నా. తియ్యకపోవడం తప్పే.”

“తప్పా? ఇంత చిన్న మాటా దానికి?”

“పెద్ద మాట నాకు తెలీదు అత్తా. మీ తలుపు మేమూ రెండుసార్లు కొట్టాం. దానికేమంటారో మీరే చెప్పండి.”

“ఎదురు మాట్లాడకే! అత్త పెద్దది!”

“దొంగసంతకం పెడదామన్నా నేను. అమ్మా, నీ సంతకం నాకు చూడకుండా వచ్చు, అదే పెట్టేదాన్ని. పుల్లే ఒప్పుకోలేదు. ‘మా అమ్మే లేదు, ఇంకెవరి అమ్మనో ఎందుకు ఇరికించడం’ అంది. నవ్వింది కూడా. అత్తా, ఇవాళ దాన్ని లోపల పడుకోబెట్టారుగా. సంతకం ఎవరినడిగారు?”

“ఎవర్నీ అడగలేదమ్మా. కానీ నువ్వు… ఇంతమంది పెద్దవాళ్ళం ఉన్నాం కదే ఈ ఊళ్ళో! నేనున్నా, మీ అమ్మ ఉంది. అందరం చచ్చామా? ఎవరికో ఒకరికి చెప్పకుండా, వెధవ కుట్లు విప్పుకుంటూ కూచుంటారా ఎనిమిది నెలలు?”

“అదేగా! దాన్నడగండి గట్టిగా. చెప్పి చావొచ్చు కదే మాకు!”

“చెప్పాం. ఏమీ కాకముందే అత్త దగ్గరికొచ్చింది, సంతకం తెమ్మన్నారు. అయ్యాక నీ దగ్గరికొచ్చింది, తిండి తగ్గించమన్నావు. ఇంక దానికి మిగిలింది నేనే. నాకొచ్చింది కుట్లు విప్పడమే.”